రెక్క చివరి చిన్న చక్రం

మా మేస్త్రీ పోయాడన్న కబురు నాకు ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. జెద్దాలో మధ్యాహ్నం. నీళ్ళ ట్యాంకర్ నింపించుకోవడానికి వరసలో ఉన్నాను. గొంతు వాళ్ళ తమ్ముడిది. "అన్నా, మా అన్న పొద్దుగాల పోయిండు. చాయ తాగి కూసున్నడు, అట్లనే పక్కకు ఒరిగిండు. నాకేమన్న అయితే డ్రైవర్ తమ్మికి చెప్పున్రి అని ఎప్పుడో చెప్పి పెట్టిండు, అందుకే చేస్తున్న." వెనకాల ఆడవాళ్ళ ఏడుపు వినబడుతోంది. ఇంకోసారి విన్నాను. అంతలో నా వంతు వచ్చింది, ట్యాంకర్‌ను ముందుకు పోనిచ్చాను.

ఈ తమ్ముడి గొంతు యంత్రంలోంచి నాకు కబురు చెప్పడం ఇది రెండోసారి. మొదటిసారి చెప్పింది, తాను బతికే ఉన్నానని. ఆ కథ చెప్తే మా మేస్త్రీ ఎలాంటివాడో చెప్పినట్టే. కాకపోతే దాని నడుమ ఒక పెద్ద విమానం ఉంది. నాకు విమానాల పిచ్చి కనుక దాని గురించి ఓ నాలుగు మాటలు ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి.

గల్ఫ్ యుద్ధం నాటికి మేమిద్దరం జెద్దా విమానాశ్రయంలో దీపాల పనిలో ఉన్నాం. విమానాలు నేల మీద నడిచే దారుల అంచున నీలం రంగు దీపాలు ఉంటాయి, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు చూసే ఉంటారు. వాటిని వెలిగేలా ఉంచడం ఆయన పని, ఆయన్ని పికప్‌లో తిప్పడం నా పని. ఆయనది జగిత్యాల దిక్కు, నాది సిరిసిల్ల. కాగితాల మీద ఎలక్ట్రీషియన్, మా అందరికీ మేస్త్రీ. ప్రతి దీపం మీదా బోర్లించి ఉండే బుడ్డి లాంటి అద్దాన్ని భుజం మీది ఎర్ర తువాలుతో తుడిచేవాడు. తుడవడానికి కంపెనీ ఇచ్చిన గుడ్డలు డబ్బాలో మడత కూడా విప్పకుండా ఉండేవి. "ఆ గుడ్డకు ఒంటి చెమట తెల్వది తమ్మీ, అద్దం మీద గీతలు పెడ్తది" అనేవాడు. ఇందులో శాస్త్రం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

తనకంటే చిన్నవాడైతే చాలు, ఎవరినైనా తమ్మీ అనే పిలిచేవాడు. పెషావర్ నుంచి వచ్చిన మా వెల్డర్‌ను కూడా. ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకున్నాక, ఆ పఠాన్ ఇంకెవరు అలా పిలిచినా పలికేవాడు కాదు.

ఆయన సొంత తమ్ముడు ఇరాక్‌లో, బస్రా దగ్గర సెంట్రింగ్ పనిలో ఉండేవాడు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక అక్కడి మనవాళ్ళు చాలామంది జోర్డాన్ మీదుగా ఇంటికి చేరారు. ఈ తమ్ముడు చేరలేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉందనీ, పని అయ్యేదాకా ఇవ్వం అంటున్నారనీ చివరిసారి కబురు చేశాడు. ఆ తర్వాత ఏమీ లేదు. చలికాలం వచ్చింది, యుద్ధం మొదలైంది. ఆ రోజుల్లో ఒక మార్పు వచ్చింది, నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. మేస్త్రీ మమ్మల్ని తమ్మీ అనడం మానేశాడు. ఆయన పిలుపులో నేను డ్రైవర్‌ని అయ్యాను, పఠాన్ వెల్డర్ అయ్యాడు.

అప్పుడు వచ్చాయి ఆ విమానాలు. బి-52లు, అమెరికావాళ్ళ బాంబు విమానాలు.

మొదటిదాన్ని చూసిన రోజు నేను పికప్ ఆపేసి బయటికి దిగి నిలబడిపోయాను. ఎనిమిది ఇంజన్లు, రెండేసి చొప్పున నాలుగు గుత్తులుగా రెక్కలకు వేలాడుతున్నాయి. రెక్కలు ఎంత పొడుగంటే, నిలబడి ఉన్నప్పుడు వాటి కొసలు తమ బరువుకే నేలవైపు వంగి ఉంటాయి. ఎగిరినప్పుడు అవే కొసలు పైకి లేస్తాయి. ఒంటి కింద చక్రాలు సైకిల్‌కి ఉన్నట్టు ముందు కొన్ని, వెనక కొన్ని. ఒడ్డుపొడుగున్న మనిషి సన్న సైకిల్ మీద కూర్చున్నట్టు ఉంటుంది. అది పక్కకు ఒరగకుండా ఒక్కో రెక్క చివర ఒక్కో చిన్న చక్రం పెట్టారు. పక్కగాలి వీస్తే చక్రాలన్నిటినీ కొంచెం ఓ పక్కకు తిప్పుకొని, ముక్కు ఒక దిక్కు, నడక ఇంకో దిక్కుగా పీతలా దిగగలదు. లేచేటప్పుడు ఇంజన్లలోకి నీళ్ళు చిమ్ముతారు, బలం కోసం. ఆ నీళ్ళకు ఎనిమిది నల్లటి పొగలు బారులు తీరి వెనక మిగులుతాయి. మిగతా విమానాల్లా ముక్కెత్తి లేవదు. వంచిన తల వంచినట్టే, ఉన్నది ఉన్నట్టుగా నేలను వదిలేస్తుంది. అంత వింత నేను ఇంకెక్కడా చూడలేదు.

దీన్ని మొదట ఫ్యాన్ రెక్కల ఇంజన్లతో చేద్దామనుకున్నారట. సైన్యంవాళ్ళు వద్దన్నారు. సరే అని కొందరు ఇంజనీర్లు ఒక హోటల్ గదిలో కూర్చొని, శని ఆదివారాల్లో మొత్తం మళ్ళీ గీసి, బల్సా అనే తేలిక చెక్కతో బొమ్మ చెక్కి సోమవారం బల్ల మీద పెట్టారట. ఇది తర్వాత చదివి తెలుసుకున్నాను. రష్యా మీద అణుబాంబు వెయ్యడానికి కట్టింది, దేవుడి దయవల్ల ఆ పని ఎప్పుడూ చేయలేదు. వియత్నాంలో మామూలు ఇనుప బాంబులు లెక్కలేనన్ని వేసింది. జెద్దాకు వచ్చేనాటికే ముసలిది. దాని మెకానిక్ ఒక కుర్ర అమెరికావాడు, నన్ను సిగరెట్ అడిగి తీసుకొని, వయసులో ఇది నాకంటే పెద్దది అని నవ్వాడు.

దాని రెక్కలు, చక్రాల సంగతి అప్పట్లో నేను ఊపిరి తీసుకోకుండా చెప్తుంటే మేస్త్రీ విన్నాడు. "నీకు దాని రెక్కలు కనపడతయ్ డ్రైవరూ, నాకు దాని కడుపు కనపడతది" అన్నాడు. కడుపులో, రెక్కల కింద బాంబులు. అవి ఎటు పోతాయో అందరికీ తెలుసు. కువైట్ ఎడారిలో, ఇరాక్ దక్షిణాన, బస్రా దిక్కున గుంతలు తవ్వుకొని ఉన్న సైన్యం మీదికి.

ఇక మా పనిలోకి వస్తాను. ఒంటి కింది చక్రాలు దారి మీద నడిచినా, రెక్క చివరి చక్రాలు దారి అంచు దాటి బయట నడుస్తాయి. తిన్నని దారిలో పర్వాలేదు. మలుపుల దగ్గర మాత్రం ఆ చిన్న చక్రం సరిగ్గా మా నీలం దీపాల మీదుగా పోతుంది. అందుకని అవి బయల్దేరే ముందు మలుపుల్లోని దీపాలు ఊడదీసి, కింద గుంతల్లో వైర్లు విడదీసి, పైన ఇనుప మూతలు బిగించాలని మాకు చెప్పారు. యుద్ధం అయ్యేదాకా అలాగే ఉంచండి అన్నాడు మా ముదీర్, అంటే మా సౌదీ మేనేజరు. మేస్త్రీ ఒప్పుకోలేదు. అవి వెళ్ళిపోగానే మళ్ళీ దీపాలు పెట్టించేవాడు, అవి తిరిగొచ్చే ముందు మళ్ళీ తీయించేవాడు. రెట్టింపు చాకిరీ. మేం గొణిగాం. ఇంకో విమానం దారి తెలియక మట్టిలోకి దిగితే ఎవడు జవాబు చెప్తాడని ఆయన వాదన. "తీసుడు పని కాదు, ఎవడైన తీస్తడు. మళ్ళ పెట్టుడే పని" అన్నాడు.

పోయేటప్పుడు రెక్కల నిండా ఇంధనం ఉంటుంది గనుక ఆ చిన్న చక్రాలు నేలను తాకి దొర్లుతాయి. తిరిగి వచ్చేటప్పుడు రెక్కలు తేలికై, చక్రాలు నేలను అంటకుండా వేలాడుతుంటాయి. మేస్త్రీ చూసి ఒకటే మాట అన్నాడు: "పొయ్యేటప్పుడు కట్టె పట్టుకున్న ముసలి లెక్క పోతది. వచ్చేటప్పుడు చేతులూపుకుంట వస్తది." ఆ వారాల్లో ఆయన వేసిన జోకు అదొక్కటే, అదీ నవ్వకుండా.

ఒక సాయంత్రం నేనే అడిగాను. "మేస్త్రీ, బస్రా దిక్కే పోతున్నయట. నువ్వు ఈ పని ఇడిసిపెట్టరాదు? ముదీర్‌కు చెప్తే టెర్మినల్ లోపలి పనికి మారుస్తడు."

ఆయన మూత బిగిస్తూనే ఉన్నాడు. "నేను తియ్యకుంటే ఇంకోడు తీస్తడు. ఆ ఇంకోడు మళ్ళ పెట్టడు." ఇంకో మూత అందుకొని అన్నాడు, "నా తమ్ముడు ఆడ ఉన్నడో లేడో నాకు తెల్వది. తెలిస్తే ఏమన్న చేద్దును. తెల్వక ఏం చెయ్యాల్నో చెప్పు."  నేను మూత బిగించే పానా అందించాను.

ఇంతలో ఆ రోజు వచ్చింది. మధ్యాహ్నం టీ గదిలో ఉర్దూ రేడియోలో బస్రా పేరు చెప్పారు. రాత్రంతా బాంబులు పడ్డాయట. మేస్త్రీ గ్లాసు కింద పెట్టి, పదండి అని లేచాడు. ఎప్పటిలాగే మలుపుల దగ్గర దీపాలు తీశాం. విమానాలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. మేం దూరంగా పికప్ దగ్గర నిలబడ్డాం. రెండోది మలుపు తిరుగుతుండగా టక్కుమని చప్పుడు. ఆ ఇంజన్ల హోరులో వినపడే చప్పుడు కాదు, కానీ నాకు వినపడినట్టే గుర్తు. మలుపు అంచున, మేస్త్రీ తీయాల్సిన వరసలో, ఒక్క నీలం దీపం తీయకుండా ఉండిపోయింది. చక్రం దాన్ని పడగొట్టి, దాని ఇనుప మొండెం మీదుగా దొర్లింది.

ఆ దీపాలు తగిలితే మెడ దగ్గర విరిగిపోయేలాగే చేస్తారు, విమానానికి దెబ్బ తగలకూడదని. అయినా చిన్న చక్రం టైరు కోసుకుపోయింది. విమానం ఆగింది. జీపులు వచ్చాయి, మనుషులు వంగి చూశారు, చేతులు ఊపారు. ఆ విమానం ఆ రోజు పోలేదు.

దాని బదులు ఇంకోటి పోయింది. ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంచుతారు, ఏదైనా ఆగితే పంపడానికి. మేం అక్కడ ఉండగానే అది ఎనిమిది పొగలు వదులుతూ లేచిపోయింది.

ముదీర్ వచ్చాడు. మేస్త్రీని పక్కకు పిలిచాడు.  కావాలని చేశాడని తేలితే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపడంతో పోదు, జైలే. ఆ దీపం ఎందుకు ఉంచావని ముదీర్ అడిగాడు. మేస్త్రీ తల వంచుకొని, "నసీత్" అన్నాడు. మర్చిపోయాను అని. ముదీర్ ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ రోజుల్లో సగంమంది పనివాళ్ళు యుద్ధానికి భయపడి వెళ్ళిపోయారు, దీపాల పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. "ఖలాస్" అన్నాడు చివరికి, అయిపోయింది పో అన్నట్టు. అమెరికావాళ్ళు ఇంకేమీ అనలేదు, టైరు మార్చుకున్నారు.

క్యాంపులో మాత్రం ఆ మాట వెంటనే పాకింది. మేస్త్రీ ఒక బాంబు విమానాన్ని ఆపాడు! తమ్ముడి కోసం! పఠాన్ వచ్చి రెండు చేతులతో మేస్త్రీ చేతులు పట్టుకొని, "శాభాష్ ఉస్తాద్" అన్నాడు. మేస్త్రీ చేతులు విదిలించుకున్నాడు. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉంది. మర్చిపోవడమా, ఈయనా? అద్దం మీద వేలిముద్ర ఉంటే వెనక్కి నడిచొచ్చి తుడిచే మనిషి. కావాలనే ఉంచాడని నేనూ నమ్మాను. ఎవరితోనూ అనలేదు, అంతే తేడా.

విరిగిన దీపం ఇనుప ముక్కలు ఏరి డబ్బాలో వేశాం. నీలం అద్దం మాత్రం పగల్లేదు, అంచున చిన్న పెచ్చు లేచింది. మేస్త్రీ దాన్ని తువాలులో చుట్టి తీసుకుపోయాడు.

యుద్ధం ఆగింది. విమానాలు వచ్చినట్టే వెళ్ళిపోయాయి. తర్వాత కొన్నాళ్ళకు సెలవు మీద పోయివచ్చిన మా క్యాంపు మనిషి ఒక క్యాసెట్ తెచ్చాడు. అప్పుడు అందరం ఉత్తరాల బదులు క్యాసెట్లే పంపుకునేవాళ్ళం. రాయడం రానివాళ్ళకు వీలు, వచ్చినవాళ్ళకు గొంతు వినపడుతుందని ఆశ. క్యాంపులోని టేప్‌రికార్డర్ పాడైపోయి ఉంటే, నా పికప్‌లోని దానిలో పెట్టాం. తలుపులు తెరిచి పెడితే మిగతావాళ్ళు చుట్టూ మూగారు.

"అన్నా, నేనే. మంచిగనే ఉన్న, ఇంటికొచ్చిన." క్యాంపు అంతా ఒక్కసారి అరిచింది. మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు, టేప్ వెనక్కి తిప్పమన్నాడు. తమ్ముడు యుద్ధం మొదలైన కొత్తల్లోనే జోర్డాన్ సరిహద్దు దాటేశాడు. అక్కడ టెంట్లలో కడుపు జాడ్యంతో పడి, ఆలస్యంగా బొంబాయి విమానం ఎక్కాడు. అంటే ఆ దీపం విరిగిన రోజున తమ్ముడు బస్రాకు ఎంతో దూరంలో, ఒక టెంటు ముందు లోటా పట్టుకొని వరసలో నిలబడి ఉన్నాడు. మేమంతా పడీపడీ నవ్వాం. మేస్త్రీ కూడా తువాలుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వాడు.

క్యాసెట్ ఇంకా ఉంది. "మా సైటు కావలాయన లేకుంటే నేను రాకపోదును అన్నా. ఇరాకాయన. కంపెనోళ్ళతోటి కొట్లాడి పాస్‌పోర్టు ఇప్పిచ్చిండు, రొట్టెలు కట్టిచ్చి బస్సెక్కిచ్చిండు. ఆయన తమ్ముణ్ణి పటాలంలకు గుంజుకపోయిండ్రట, ఆ కువైట్ దిక్కు ఎడారిల గుంతల ఉన్నడట. నువ్వన్న పో, మీ అన్న ఎదురు చూస్తడు అన్నడు. గాయన ఎట్లున్నడో ఏమో. నువ్వు పైలం అన్నా, ఆడ గూడ బాంబులు పడ్డయంటున్నరు."

క్యాసెట్ అయిపోయి టక్కుమని ఆగింది. అందరూ స్వీట్లు స్వీట్లు అని అరుస్తున్నారు. మేస్త్రీ స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చున్నాడు. "నా తమ్ముణ్ణి బస్సెక్కిచ్చినోని తమ్ముడు గుంతల ఉండె" అన్నాడు మెల్లగా. నాతో అన్నాడో తనలో అనుకున్నాడో. కాసేపటికి లేచి, అందరికీ తనే స్వీట్లు తెప్పించాడు. నాకు లడ్డూ ఇస్తూ, "తీస్కో తమ్మీ" అన్నాడు. ఆ పిలుపు తిరిగి వచ్చింది. దాంతో అంతా బాగైపోయిందనుకున్నాను.

కొన్నేళ్ళకు ఆయన పని మానుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. నేను సెలవులకు వెళ్ళినప్పుడల్లా కలిసేవాణ్ణి. మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. ఒకసారి ఆయన కోసం ఒక ఫొటో తీసుకెళ్ళాను, విమానాల పత్రికలోంచి చింపింది. జెద్దాకు వచ్చిన రకం బి-52లను యుద్ధం తర్వాత పనిలోంచి తీసేశారు. రష్యాతో ఒప్పందం ప్రకారం అమెరికా ఎడారిలో వరసగా పెట్టి, క్రేన్ మీంచి పెద్ద ఇనుప కత్తి వదిలి ముక్కలు నరికారు. తోకలు వేరు, రెక్కలు వేరు. ముక్కల్ని అలాగే ఉంచారు, రష్యా ఉపగ్రహాలు పైనుంచి చూసి లెక్క పెట్టుకోవాలని. వాటి తర్వాత కట్టినవి మాత్రం ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. వాటికి కొత్త ఇంజన్లు బిగించి ఇంకా చాలాకాలం నడుపుతారట.

ఫొటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "చిన్న చక్రాలు కనపడ్తలేవు" అన్నాడు. తర్వాత ఉన్నట్టుండి, "నువ్వు గూడ నేను కావాలని ఆ దీపం ఉంచిన అనుకున్నవు గద?" అన్నాడు.

అవునన్నాను.

"నిజంగనే మర్చిపోయిన తమ్మీ. రేడియోల బస్రా అనంగనే నా పానం ఆడికే పోయింది. చేతులు పని చేసినయ్, ఒక్కటి తప్పినయ్." ఫొటో మడిచి నా జేబులో పెట్టాడు. "కావాలని చేసినోణ్ణైతే మంచిగుండు. ఒక్కనాడన్న అడ్డం నిలబడ్డ అనుకుందును. అందరు శాభాష్ అంటుంటే నాకు సిగ్గయింది. ఆ కావలాయన నన్ను అడిగితే, మర్చిపోయిన అనాల్నా?"

ఓదార్చబోయాను. ఆ విమానం ఆగినా ఇంకోటి పోయింది కదా, ఏం తేడా అన్నాను. "తేడా దానికి కాదు, నాకు" అన్నాడు. వైండింగ్ తీగ అందుకొని పనిలో పడ్డాడు. నేను ఇప్పటికీ ఆ విమానాన్ని చూస్తే ముచ్చటపడతాను, అది అబద్ధం చెప్పను. కానీ దాని రెక్క చివరకు చూపు పోయేసరికి మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఆ ఒక్క మార్పు ఆయన పెట్టిందే. ఆయన మీద నాకున్న ప్రేమకు ఇంతకన్నా రుజువు చూపించలేను.

దహనానికి వెళ్ళలేకపోయాను. నాలుగో రోజున వాళ్ళ తమ్ముడు వీడియో కాల్ చేశాడు. మేస్త్రీ కన్నుమూసిన చోట, గడప పక్కన, దినాలయ్యేదాకా ఉంచే దీపం నేల మీద వెలుగుతోంది. పైన ఫ్యాన్ తిరుగుతోంది. గాలికి ఆరకుండా దీపం మీద ఒక గాజు బుడ్డి బోర్లించారు. నీలం రంగుది, అంచున పెచ్చు లేచింది. గాలి ఆడాలని దాని కింద రెండు చిల్లపెంకులు పెట్టారు.

"అది ఏడిదో తెల్సా?" అని అడిగాను.

"తెల్వదన్నా. అన్న షాపుల ఉండె, రోజు తువాలతోటి తుడిచేటోడు. దీపానికి సరిగ్గ సరిపోయింది."

చెప్దామనుకున్నాను. అంతలో ఎవరో బియ్యం బస్తా మోసుకుంటూ గడప దగ్గరికి వచ్చారు. తమ్ముడు ఫోన్ గోడకు ఆనించి, వంగి, నీలం అద్దంతో సహా దీపాన్ని రెండు చేతులతో పక్కకు జరిపి దారి ఇచ్చాడు. బస్తా లోపలికి పోయింది. తమ్ముడు దీపాన్ని మళ్ళీ తెచ్చి, ఉన్నచోటనే పెట్టి, అద్దం సరిచేశాడు.